అడుగులు చెరిపే అన్న

ఇసుకలో అడుగు కనబడితే చెరపకుండా ముందుకు పోలేని మనిషి ఒకాయన ఉండేవాడు. కువైట్‌లో మేమిద్దరం అబూ హలీఫా సముద్రపు ఒడ్డున కూర్చుని పల్లీలు తింటున్నా సరే, మా ముందు నుంచి ఎవరైనా నడిచిపోతే ఈయన కాలు చాపి చెప్పుతో ఆ గుర్తులు సర్దేవాడు. "ఎందుకన్నా నీకీ కష్టం, అల వచ్చి చెరుపుతాది కదా" అంటే, "అల వచ్చేదాంక సూసుకుంట కూసోవాల్నా తమ్మి?" అనేవాడు.

ఆయన పోయాడని పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున తెలిసింది. మా బాబాను, అంటే మా యజమానిని, గోల్ఫ్ మైదానంలో దింపి, కారు నీడకు పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాను. మంగఫ్‌లో ఆయనతో ఒకే రూములో ఉన్న జగిత్యాల అతను వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మన గోల్ఫ్ అన్న పోయిండంట. ఇంటికాడ్నే. రాత్రి పన్నోడు పన్నట్టే ఉన్నడంట." అంతే. పదకొండు సెకన్లు. ఆ వెంటనే అదే గ్రూపులో ఎవరో గ్యాస్ సిలిండర్ గురించి అడిగారు, ఇంకెవరో జవాబు చెప్పారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాయలేదు. ఇప్పుడు నేను రాస్తే ఎవరికి లాభం? ఎందుకు రాయలేదో చెప్పడానికే ఇదంతా.

నేను కడప జిల్లావాణ్ణి. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరును. ఇంటి యజమానిని బాబా అంటాం, ఇంటావిడను మామా అంటాం. మా బాబాకు ప్రతి శుక్రవారం గోల్ఫ్ ఉండాలి. ఆయన నాలుగు గంటలు ఆడతాడు, నేను నాలుగు గంటలు కాచుకుంటాను. డ్రైవరు ఉద్యోగమంటే బండి నడపడం అనుకుని వచ్చాను. కాదు, కాచుకోవడం. నడపడం మధ్యలో వచ్చే విశ్రాంతి.

మొదటి వారమే ఆయనతో తగాదా పడ్డాను. నీళ్ళ కుళాయి దూరంగా ఉంటే అడ్డదారిన ఒక ఇసుక గుంటలోంచి నడిచిపోయాను. ఆ గుంటలను బంకర్లంటారనీ, బంతి అందులో పడితే ఆడేవాడికి తిప్పలనీ నాకప్పటికి తెలీదు. వెనకనుంచి కేక వినబడింది.

"ఓ తమ్మి! నడిచెటోనివి నువ్వు, చెరిపెటోన్ని నేనా?"

తెలుగు వినబడేసరికి కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. తిరిగి చూస్తే, మెడకు తడి తువ్వాలు, నెత్తిన ఎవరో పారేసిన టోపీ, చేతిలో పొడుగు కర్రకు పళ్ళు బిగించిన దంతె. మనిషి వెదురు బొంగులా ఉన్నాడు. నా అడుగులు ఒక్కొక్కటీ చెరుపుకుంటూ నా దాకా వచ్చి, "ఏ ఊరు?" అన్నాడు. కడప అన్నాను. "గందుకే" అన్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. తర్వాత తన డబ్బాలోంచి చల్లటి నీళ్ళు పోశాడు.

ఆ రోజునుంచి నా శుక్రవారాలు ఆయనతోనే గడిచాయి. ఆయన పని చేస్తూ మాట్లాడేవాడు, నేను ఆ వెనకే నీడ వెతుక్కుంటూ వినేవాణ్ణి. ఆటంటే ఏమిటో ఆయనే నేర్పాడు. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి జెండా పాతిన గుంతలో పడెయ్యాలి. అట్లాంటి గుంతలు పద్దెనిమిది. ఎవడు తక్కువ దెబ్బలు కొడితే వాడే గెలిచినట్టు.

"తక్కువ కొట్టినోడు గెలుస్తాడా? మా సైడు అట్లాంటి ఆట యాడా ల్యా" అన్నాను.

"మీ సైడు తక్కువ కొట్టినోడు ఆస్పత్రికి పోతడు" అన్నాడాయన.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. గడ్డి మీదికి వస్తే చెప్పులు విడిచి వట్టి కాళ్ళతో నిలబడేవాడు. నీళ్ళు చాలాయో లేదో అరికాలికి తెలుస్తుందట. గడ్డి కోసే మిషను చప్పుడు మారితే, మాట మధ్యలో ఆపేసి మిషనుతో "ఏమైందే?" అని అడిగేవాడు. మిషన్లన్నీ ఆయనకు ఆడకూతుళ్ళే. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, మామా తిట్టిందన్నా, కంపెనీ సెలవివ్వలేదన్నా, ఒకటే మాట: "నడిచెటోడు నడుస్తనే ఉంటడు, చెరిపెటోడు చెరుపుతనే ఉంటడు." ఓదార్పో విసుగో తేల్చుకోవడం కష్టం. రెండూ అయ్యుంటుంది.

ఆయన వచ్చిన కొత్తలో అక్కడ గడ్డి లేదట. మైదానమంతా ఇసుకే. జెండా చుట్టూ ఉన్న ఇసుకలో నూనె పోసి, అణగదొక్కి, బంతి దొర్లేలా గట్టిపరిచేవాళ్ళు. ఎంత తొక్కినా అడుగులు పడతాయి కదా. అందుకని బంతిని గుంతలోకి కొట్టే ముందు, ఆ రెంటి మధ్య దారిని చదును చేసివ్వడం అప్పటి మర్యాద. అలా దారి చదును చెయ్యడమే ఆయన మొదటి కొలువు. "దొరలు కర్ర పట్టుకోని నిలవడుదురు. నేను ముంగట సాఫు జేద్దు. తోవ నాది, దెబ్బ వాళ్ళది" అని చెప్పేవాడు. తర్వాత గడ్డి వచ్చింది, ఇసుక గుంటలకే పరిమితమైంది, మర్యాదలూ మారాయి. పాత మర్యాద కథ మాత్రం ఆయన చెబుతూనే ఉండేవాడు, నేను వింటూనే ఉన్నాను. నా కొంప ముంచింది ఆ కథే. నా కొంప కాదు, ఆయనది.

మంగఫ్ రూములో ఆయన మంచం పైన గోడకు రెండు పటాలుండేవి. ఒకటి కొండగట్టు అంజన్న. రెండోది ఒక తెల్లవాడు. టై, కోటు లోపల ఇంకో చేతుల్లేని కోటు, చేతిలో కర్ర, కాళ్ళ కింద నల్లటి ఇసుక. కొత్తగా రూముకొచ్చినవాళ్ళు "ఈయన నీ కఫీలా, నీకు వీసా ఇచ్చినాయనా?" అని అడిగేవాళ్ళు. అంజన్నకు వెలిగించిన అగరుబత్తి పొగ కొంత ఈయనకూ అందేది. పటంలో మనిషి దిగులుగా ఉంటాడు కాబట్టి అంజన్న కూడా కాదనలేదేమో.

ఆ పటంలోని తెల్లవాడు అమెరికాలో వెనకటి కాలపు గోల్ఫ్ ఆటగాడు. అప్పట్లో మా మైదానానికి మేనేజరుగా ఉన్న అమెరికా ఆయనకు ముత్తాత అవుతాడట. మేనేజరు రిటైరై పోతూ ఆ ఫోటో కాపీ ఒకటి మా అన్నకు ఇచ్చి, "నీలాగే ఇసుకకు నూనె పట్టినవాడు" అని చెప్పాడట. ఇక అప్పటినుంచి ఆ ముత్తాత మా అన్నకు పక్క ఊరివాడైపోయాడు.

"గీ దొర మనసొంటోడే తమ్మి."

"టై కట్టినాడు కదన్నా."

"టై కట్టంగనే దొరైతడా? నా పెండ్లినాడు నేను సుత కోటేసిన."

ఆ దొర కథ నేను పాతికసార్లు విని ఉంటాను. ఆ దొర అక్కడొక క్లబ్బు వెనక రేకుల షెడ్డులో ఉండేవాడు. గట్టి కట్టె తెచ్చి, చెక్కి, నునుపు చేసి, గోల్ఫ్ కర్రలు తయారుచేసేవాడు. డబ్బున్నవాళ్ళకు ఆట నేర్పేవాడు, వాళ్ళ బూట్లకు మట్టంటకుండా ఇసుకా చూసుకునేవాడు. చలికాలం మంచు పడితే క్లబ్బు మూత, జీతం బందు. "యాసంగిల పని లేక రైలు బొగ్గు దింపిండు పాపం" అనేవాడు మా అన్న, అమెరికాకు కూడా వానాకాలం, యాసంగి రెండే ఉన్నట్టు. ఒకసారి పెద్ద పోటీ పెట్టారు. రెండు రోజులు రైల్లో కూర్చునే పోయి, ఆడి, దేశంలో ఉన్నవాళ్ళందరినీ ఓడించాడు. కానీ కూలికి ఆడేవాళ్ళు క్లబ్బు భవనంలో అడుగు పెట్టకూడదని అక్కడ కట్టడి. లోపల పెద్దమనుషులు భోంచేస్తుంటే ఆయన బండ్ల షెడ్డులో బట్టలు మార్చుకున్నాడు. కప్పును వంటింటి కిటికీలోంచి అందించారు.

"కిటికీలకెళ్ళి, తమ్మి. సద్ది అందిచ్చినట్టు."

తర్వాత ఫ్యాక్టరీల్లో ఇనుప కర్రలు తయారయ్యాయి. చెక్క కర్రలు అడిగేవాడు లేడు. గెలిచినవాడు ముసలివాడై అదే మైదానంలో గడ్డి కోసుకుంటూ పోయాడు. ఆయన చనిపోయిన రోజు క్లబ్బు జెండా సగానికి దించారా లేదా అన్నది మాత్రం చెప్పిన ప్రతిసారీ మారేది. ఒంట్లో బాగున్నరోజు దించేవాడు. ఎండ దెబ్బకు కళ్ళు తిరిగినరోజు, "ఎవడు దించుతడు, ఎవనికి ఎర్క?" అనేవాడు.

మా క్లబ్బులో ఆ కట్టడి రాసి పెట్టలేదు. రాసి పెట్టాల్సిన అవసరం లేదు. ముందు గుమ్మం సభ్యులది, వెనక గుమ్మం మనది. అన్ని ఏళ్ళలో మా అన్న ముందు గుమ్మం లోపలికి పోయింది లేదు. బయటనుంచి అద్దంలోంచి చూస్తే హాలులో నిలువెత్తు చెక్క పలక కనబడేది, దానిమీద గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగులో. మైదానం చుట్టూ తిరుగుతూ ఆ అద్దం దగ్గరికి రాగానే ఆయన నడక నెమ్మదించేది. తువ్వాలు తీసి ముఖం తుడుచుకునేవాడు. చెమట పట్టని చలికాలంలో కూడా.

కొత్త కమిటీ వచ్చి పనివాళ్ళకూ ఏటా ఒక పోటీ పెట్టింది. గెలిచినవాడికి సభ్యులతో కలిసి హాలులో భోజనం, పలక మీద పేరు. మా బాబా ఆ కమిటీలో ఉన్నాడు. నేను ఆ సంగతి చెప్పిన శుక్రవారం మా అన్న ఎక్కువ మాట్లాడలేదు. మర్నాటినుంచి డ్యూటీ అయ్యాక, సభ్యులు పారేసిన కర్రలతో ఒక్కడే కొట్టుకునేవాడట. మొదటి ఏడు నాలుగో స్థానం, రెండో ఏడు మోకాలి నొప్పి. మూడో ఏడు ఆయన హవల్లీ బజారుకు పోయి ఎవరో వాడిన తెల్ల బూట్లు కొనుక్కొచ్చాడు.

"ఇగ ఇదే ఆఖరు తమ్మి. మోకాళ్ళు ఖలాస్" అన్నాడు.

పోటీ రోజు ఆయన కర్రల సంచి నేనే మోశాను. సంచి పక్క జేబులో అమెరికా దొర ఫోటో ఉంది. మనిషి ఆట చూస్తే ఆట ఆడుతున్నట్టు ఉండదు, చేలో కలుపు తీస్తున్నట్టుంటుంది. తొందర లేదు, చప్పుడు లేదు. పదహారో గుంత దగ్గర బంతి బంకర్‌లో పడింది. అప్పటికి నా నడుం విరిగిపోయింది. సంచి కింద పడేసి, చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి బంతి బయట పచ్చగడ్డి మీద ఉంది, ఆయన గుంటలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ దంతెతో తన అడుగులు సర్దుతున్నాడు. నేను చూసింది ఇంతే.

ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. వంటశాల అతను రెండో స్థానం. కాగితాలు సరిచూసి, కాసేపట్లో పేరు పిలుస్తారు. అన్న కుళాయి దగ్గర బూట్ల మట్టి కడుక్కుంటున్నాడు, ముందు గుమ్మం తివాచీ పాడవకూడదని. నేను మా బాబాకు ఖహ్వా, వాళ్ళ కాఫీ, తీసుకుపోయాను.

"నీ స్నేహితుడు బాగా ఆడాడే" అన్నాడు బాబా.

అక్కడితో తలూపి వచ్చేస్తే సరిపోయేది. కానీ యజమాని మెచ్చుకున్నప్పుడు దానికి ఇంకో చిటికెడు ఉప్పు వెయ్యకపోతే మావాళ్ళకు నిద్ర పట్టదు. "బాబా, అట్లాంటి శుభ్రమైన మనిషి ఇంకొకడు లేడు. ఇసుకలో బంతి పడితే, కొట్టే ముందు దంతె తీసుకుని ముందున్న అడుగులన్నీ చదును చేసి, అప్పుడు కొట్టాడు" అన్నాను. చేత్తో చేసి కూడా చూపించాను. ఆయన చెప్పిన పాత మర్యాద కథే నా తలలో ఉంది. అది గొప్ప అనుకున్నాను.

బాబా కప్పు కింద పెట్టాడు. "కొట్టే ముందా? తర్వాతా?"

"ముందు, బాబా."

"నువ్వు చూశావా?"

అప్పుడైనా ఆగాల్సింది. మా బాబా దేన్నైనా క్షమిస్తాడు, అబద్ధాన్ని తప్ప. నాకు ముందున్న డ్రైవరును ఒక్క అబద్ధానికి ఇంటికి పంపేశాడు. ఆ వారమే నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆయన తిరిగి వేయించాలి. నోట్లోంచి వచ్చిన మాటను మింగే ధైర్యం లేక, "చూశాను బాబా" అన్నాను.

కొట్టే ముందు బంతి ముందరి ఇసుక సర్దితే రెండు దెబ్బల జరిమానా అని ఆయన చెప్పాక తెలిసింది. అన్నను పిలిపించాడు. తడి బూట్లతో వచ్చి నిలబడ్డాడు. బాబా కోపంగా అడగలేదు, మర్యాదగానే అడిగాడు: "పదహారో దగ్గర కొట్టే ముందు ఇసుక సర్దావని నా డ్రైవరు చూశానంటున్నాడు. నిజమేనా?"

అన్న నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు, ఒక గుటక మింగేంత సేపు. మా బాబా సంగతి, పాత డ్రైవరు సంగతి, ఇఖామా సంగతి, అన్నీ నేనే ఆయనకు చెప్పి ఉన్నాను.

"అవును సార్. చేతి అలవాటు" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది, కానీ రాయాలి. నేను అక్కడే ఉన్నాను, నాకు మాటలొచ్చు, నేను నోరు తెరవలేదు. వంటశాల అతన్ని ముందు గుమ్మంలోంచి చప్పట్లతో తీసుకుపోయారు. అన్న బూట్లు విప్పి చేత పట్టుకుని, భవనం చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు. కాసేపటికి డబ్బాలో చాయ్ పోసుకొచ్చి నాకిచ్చాడు.

"దొరకు కప్పన్న ఇచ్చిన్రు తమ్మి, కిటికీలకెళ్ళి" అని నవ్వాడు.

తర్వాత కూడా శుక్రవారాలు వచ్చాయి. ఆయన చెరుపుతూనే ఉన్నాడు, నేను వెనకే నడుస్తూనే ఉన్నాను. ఆ పోటీ మాట మేమిద్దరం ఎత్తలేదు. ఏడాది తర్వాత మోకాళ్ళు పూర్తిగా చెడి, వీసా రద్దు చేయించుకుని ఇంటికి బయల్దేరాడు. బాబాను అడిగి కారులో నేనే ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాను. రెండు పటాలూ బట్టల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. సగం దారిలో అడిగాను.

"అన్నా, ఆ పొద్దు నువ్వు చెయ్యలేదని చెప్పింటే అయిపోయేది కదా. యాల చెప్పల్యా?"

కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "చెయ్యలేదంటే నువ్వు చూసిందేంది? అబద్ధమైతది. గా బాబా నిన్ను ఉంచుతడా? నీకు ఇఖామా ఉంటే నీ ఇంట్ల పొయ్యి మండుతది. నాకు పలక మీద పేరుంటే ఏం మండుతది?"

నేను బండి పక్కకు ఆపాను. కళ్ళు కనబడక ఆపాను. ఆయన తువ్వాలు నా చేతిలో పెట్టాడు.

"కని తమ్మి," అన్నాడు, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "ఒక్కపారి ఆ ముంగటి దర్వాజలకెళ్ళి పోవాల్నని మస్తు ఉండె."

"ఆ దొర పోయినప్పుడు జెండా దించినారా అన్నా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఎవడు సూసిండు తమ్మి. యల్లా, ఫ్లైటు పోతది."

అదీ మనిషి. పదకొండు సెకన్ల మెసేజ్ విన్నాక ఇవన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. నాలుగు గంటలు ఎలా గడిచాయో తెలీదు. బాబా ఆట ముగించుకుని వచ్చాడు. సంచి డిక్కీలో పెట్టి, తలుపు తీసి, అక్కడే నిలబడ్డాను.

"ఇక్కడ పనిచేసిన మా అన్న చనిపోయాడు బాబా" అన్నాను. పేరు చెప్పాను.

బాబాకు గుర్తు రాలేదు. పేరు మళ్ళీ చెప్పాను. "ఏం పని చేసేవాడు?" అన్నాడు. ఇసుక సర్దేవాడన్నాను. అప్పుడు ముఖం విచ్చుకుంది. "ఆఁ, అతనా! కొట్టే ముందు ఇసుక సర్దినవాడు. రెండు దెబ్బలు. పాపం, మంచివాడు."

అన్ని ఏళ్ళు పనిచేసిన మనిషికి అక్కడ మిగిలింది అదొక్కటే. అదీ నేను ఇచ్చింది.

"సర్దలేదు బాబా" అన్నాను. "ఆ రోజు నేను చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. మీకు చెప్పింది అబద్ధం."

బాబా నన్ను చూశాడు. "మరి అతను అవునన్నాడే?"

"లేదంటే మీరు నన్ను పంపించేస్తారని."

ఎండలో తలుపు తెరిచి ఉంది, కారు లోపలి చల్లదనమంతా బయటికి పోతోంది. బాబా ఎక్కి కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగుతూ, "ఇప్పుడెందుకు చెప్పావు?" అన్నాడు. నేను డిక్కీ తీసి సంచి దించాను.

నన్ను ఇంటికైతే పంపలేదు. పలక మీద పేరు కూడా మారలేదు, మారదు. కానీ ఆ రోజునుంచి మా బాబా ప్రతిదీ నన్ను రెండుసార్లు అడుగుతున్నాడు. పిల్లల్ని బడి దగ్గర దింపావా అంటాడు. దింపాను బాబా అంటాను. నిజంగా దింపావా అంటాడు. అడగనీ.